గంజి పట్టిన ఎర్ర పోగు

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను ఇంకా వీధికొకటి చొప్పున కూడా రాని రోజుల్లో, నా ఉద్యోగం ఏమిటో నలుగురికీ చెప్పడం మా ఇంట్లోవాళ్ళకి పెద్ద చిక్కుగా ఉండేది. జంతుశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి బెజవాడ పటమటలో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో చేరాను. కాగితం మీద నా హోదా టెక్నికల్ అసిస్టెంటు. చేసే పని ఎలుకలకి తిండి పెట్టడం, నీళ్ళ సీసాలు నింపడం, వాటి కింద పరిచిన వరిపొట్టు మార్చడం. మాదేమో పెడనలో నేతపని చేసుకు బతికే ఇల్లు. నేతగాడి ఇంటికి ఎలుకంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. మగ్గం మీద నిలువునా సాగే పడుగు పోగులు తెగకుండా గట్టిగా ఉండాలని వాటికి అన్నం గంజి పెడతారు. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాచి, గంజి పూసి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఆ గంజి రుచి మరిగిన ఎలుక మగ్గం మీదికి చేరిందంటే పది రోజుల కష్టం గంటలో కొరికి పారేస్తుంది. తాతల నాటి నుంచి మాకూ వాటికీ పగ. మా ఇంట్లో బోను లేని మూల ఉండేది కాదు. అలాంటి వంశంలో పుట్టి, నెలజీతం పుచ్చుకుని మరీ ఎలుకల్ని మేపిన మొదటివాణ్ణి నేను. మా పెద్దనాన్న అయితే ఎవరైనా అడిగితే "మావాడు బెజవాడలో ఉంటున్నాడండీ" అని, ఏం చేస్తున్నాడని అడిగేలోపే మాట మార్చేసేవాడు.

ఇంట్లో నన్ను వెనకేసుకొచ్చే మనిషి ఒక్క పెద్దమ్మే. వాళ్ళకి పిల్లలు లేరు. ఐదో ఏట నుంచి నేను ఆమె దగ్గరే పెరిగాను (మా అమ్మానాన్నలు పక్క వీధిలోనే ఉండేవాళ్ళు, నేనే అక్కడికి చుట్టపుచూపుగా వెళ్ళొచ్చేవాణ్ణి). పెద్దమ్మ పని పోగులు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోయాక దాని కొసలకి కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే కలిపి, బూడిద రాసుకున్న వేళ్ళతో మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కటి పక్కదానితో కలిసినా చీర పొడుగునా సన్నటి గీత పడుతుంది. ఎప్పుడైనా అలా తప్పు అతికానని అనుమానం వస్తే చాలు, అక్కడిదాకా విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. "ఎవరికి కనపడుద్దే ఆ గీత, వదిలెయ్యరాదా" అని పెద్దనాన్న విసుక్కుంటే, "కొనేవాళ్ళకి కనపడకపోతే ఏమైంది, నాకు కనపడుద్దిగా" అనేది. చిన్నప్పుడు నాకు అది వట్టి చాదస్తంగా తోచేది.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే పెద్దమ్మకి పేగులో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. తర్వాత మూడు నెలలకోసారి రక్తం తీసి ఒక పదార్థం ఎంత ఉందో చూసేవారు. దాన్ని మార్కర్ అంటారు. గడ్డ మళ్ళీ ఎక్కడైనా పెరుగుతుంటే ఆ పదార్థం రక్తంలో ఎక్కువవుతుంది. పెద్దమ్మకి ఆ మాట నోరు తిరగక "నా నంబరు" అనేది. మొదటిసారి నంబరు బాగా తగ్గింది. రెండోసారి కొంచెం లేచింది. మూడోసారి డాక్టరు గారు కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "మందులు వాడుతూ ఉందాం అమ్మా, చూద్దాం" అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెద్దమ్మ, "చూద్దాం అన్నాడంటే ఆయనకీ ఏం కనపడట్లేదనేగా" అంది. నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వబోయి, నావల్ల కాక, కండక్టరు కోసం వెతుకుతున్నట్టు వెనక్కి తిరిగాను.

ఇక్కడ మా ఎలుకల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. మా మేడం గారు (మనిషి ఐదడుగులు కూడా ఉండరు, కోపం వస్తే మాత్రం మేడ మొత్తం అదిరేది) పనిచేస్తున్నది సరిగ్గా ఆ మార్కర్ మీదే. ఆవిడ నాకు మొదటి వారంలోనే కూర్చోబెట్టి చెప్పారు. "చూడవయ్యా, మామూలు ఎలుకకి మనిషి మార్కర్ పరాయిది. టీకా వేసి ఒక్కసారి పరిచయం చేస్తే చాలు, ఆ మార్కర్ ఉన్న క్యాన్సర్ కణాలు ఎప్పుడొచ్చినా దాని ఒళ్ళు వాటిమీద పడి చంపేస్తుంది. అందులో మన గొప్పేమీ లేదు. మనుషుల్లో అలా జరగదు. ఆ మార్కర్ కొద్దిగా మనందరి ఒంట్లోనూ పుట్టుక నుంచీ ఉండేదే. సొంతదాని మీదికి ఒళ్ళు లేవదు. వీధిలోవాడు గుమ్మం ఎక్కితే కుక్క మొరుగుతుంది, ఇంటివాడే దొంగతనం చేస్తుంటే తోకాడిస్తూ కూర్చుంటుంది." అందుకని ఆవిడ ఎక్కడెక్కడికో రాసి, ఏడాది తిరిగి, పుట్టుకతోనే మనిషి మార్కర్ ఉండే ఎలుకల్ని తెప్పించారు. వాటికి కూడా ఆ మార్కర్ సొంతమే, అచ్చం మనలాగే. వాటిని మేము మనిషెలుకలు అనేవాళ్ళం, మిగతావి సాదా ఎలుకలు. మనిషెలుకల్లో టీకా పనిచేస్తేనే రేపు మనుషుల మాట. సాదావాటిలో ఎంత పనిచేసినా ఒరిగేదేమీ లేదు. ఈ సంగతంతా నేను ఒక ఆదివారం పెద్దమ్మకి చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి విని, "నా నంబరేనా?" అంది. నీ నంబరే అన్నాను. అప్పటి నుంచి నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మంచినీళ్ళ కంటే ముందు అడిగేది, "ఏరా, మనిషెలుకలు ఎట్టా ఉన్నాయి?" అని. తర్వాత తనే నవ్వుకునేది. "జన్మంతా వాటిని చంపి, ఇప్పుడు వాటి క్షేమం అడుగుతున్నాన్రా నేను."

చిక్కల్లా ఏమిటంటే రెండు రకాలూ చూడటానికి ఒక్కలాగే ఉండేవి. నల్లగా, బొటనవేలంత. ఏ ఎలుక ఏదో తేలాలంటే తోక చివర రవ్వంత ముక్క తీసి హైదరాబాదు పంపాలి, జవాబు రావడానికి నెల పట్టేది. కాబట్టి ఒక పంజరంలో పన్నెండు సాదావి, ఇంకో పంజరంలో పన్నెండు మనిషివి వేరువేరుగా ఉంచి, పైగా తోకల మీద పెన్నుతో గీతలు గీసేవాళ్ళం. చెవికి చిన్న గుర్తు పెట్టే పరికరం ఒకటి రావాల్సి ఉంది, అదింకా దారిలోనే ఉంది. పెన్ను గీతలు మూడు రోజులకల్లా చెరిగిపోయేవి. వన్ టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చే చాచా (మా ఎలుకల గదికి అసలు పెద్దదిక్కు ఆయనే, నాకంటే ముందు నుంచీ ఉన్నాడు) విసుగన్నది లేకుండా మళ్ళీ మళ్ళీ గీసేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా? నేతగాణ్ణి కూడా కదా. ఒక ఆదివారం పెద్దమ్మ మగ్గం దగ్గర పడి ఉన్న ఎరుపు, నీలం తుంపు పోగులు ఇంత ఉండ చుట్టి జేబులో వేసుకున్నాను. "అవెందుకురా?" అంది. "ఆఫీసు పనికి" అన్నాను, పెద్ద రహస్యం దాస్తున్నవాడిలా. ఆ ఒక్క ముక్క విప్పి చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సోమవారం మనిషెలుకల తోకలకి ఎర్ర పోగు, సాదావాటికి నీలం పోగు కట్టాను. బిగిస్తే తోకకి రక్తం ఆడదని మేడం గారు హెచ్చరించారు. బిగుసుకోకుండా, జారకుండా ఉండే నేతముడి వేసి చూపించాను. "భలే ఉందయ్యా ఈ ముడి, ఎవరు నేర్పారు?" అన్నారు. "మా పెద్దమ్మండీ" అన్నాను. ఆ రోజు నా ఛాతీ చొక్కాలో పట్టలేదు. చాచా మాత్రం పంజరం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "బాబూ, పెన్ను గీత పోతే మళ్ళీ గీస్తాం. దారం పోతే ఏం చేస్తావు?" అన్నాడు. "నేతముడి చాచా, ఊడదు" అన్నాను. "ఊడదు, సరే" అని లేచి వెళ్ళిపోయాడు. (ముడి నిజంగానే ఊడలేదండీ. ఈనాటికీ ఆ ముడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.)

నాలుగు రోజుల తర్వాత చాచా కూతురి పెళ్ళని సెలవు పెట్టాడు. గది నా ఒక్కడికే వదిలారు. అప్పటికి ఎలుకలన్నిటికీ టీకాలు పడ్డాయి, క్యాన్సర్ కణాలు ఎక్కించడం వచ్చేవారం. ఆ రోజు ఏసీ నుంచి నీళ్ళు కారి రెండు పంజరాల్లోనూ పొట్టు తడిసిపోయింది. మామూలుగా అయితే ఒక పంజరం ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, వాటిని తిరిగి వేశాకే రెండోది ముట్టుకోవాలి. చాచా అలాగే చేసేవాడు. నాకు పోగులున్నాయిగా! ఇరవై నాలుగింటినీ కలిపి, పొట్టూ తిండీ లేని ఒకే పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో వేశాను (అన్నీ ఆడవే, మగవైతే కొట్టుకు చచ్చేవి). పంజరాలు కడిగి ఎండలో పెట్టి, అవి ఆరేలోపు టీ తాగుదామని కిందికి దిగాను. టీ కొట్లో టీవీ ఉంది. టీవీలో మనవాళ్ళు బ్యాటింగు చేస్తున్నారు. ఇంకొక్క ఓవరు, ఇంకొక్క ఓవరు అనుకుంటూ గంటన్నర నిలబడిపోయాను. పైకొచ్చి చూస్తే తొట్టిలో ఒక మూల ఎర్రగా, నీలంగా, గుప్పెడంత చక్కటి గూడు. దాని మీదా చుట్టూ అన్నీ కలిసి వెచ్చగా పడుకుని ఉన్నాయి. ఒక్క తోకకి కూడా పోగు లేదు.

అప్పుడు చేయాల్సిందేమిటో నాకు తెలుసు. ఆ నిమిషమే మేడం గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాలి. నేను తలుపు గడియ పెట్టాను. తర్వాత ఒక్కొక్క ఎలుకనీ అరచేతిలోకి తీసుకుని, మొహంలోకి చూసి, ఇది ఏదై ఉంటుందా అని ఆలోచించాను. నవ్వకండి. మనిషి లక్షణం ఉన్న ఎలుక కాస్త గంభీరంగా ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. గంభీరంగా ఉన్న పన్నెండింటికీ ఎర్ర పోగు కట్టాను. అల్లరిగా కదిలేవాటికి నీలం. ఈసారి మాత్రం ఏ పంజరంలో వేయాల్సినవాటిని ఆ పంజరంలోనే వేశాను, మహా జాగ్రత్తగా. చాచా పెళ్ళి నుంచి వచ్చేసరికి ఆ పోగులు కూడా సగం పోయాయి, ఆయన ఏమీ అడక్కుండా పెన్ను తీసి గీతలు గీశాడు. నేనూ ఏమీ చెప్పలేదు. అన్నీ సరిగ్గానే పడి ఉంటాయిలే అని రోజూ నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి నమ్మేశాను కూడా.

ఆరు వారాలు గడిచాయి. ఒకరోజు మేడం గారు ఎలుకల గదిలో నుంచి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. మనిషెలుకల పంజరంలో ఐదింటికి గడ్డలు లేవట. ఒక్కదానికి లేకపోయినా సంబరపడే పని, ఐదింటికి! "సాదావాటిలో మాత్రం ఐదింటికి ఎందుకు పనిచేయలేదో అర్థం కావట్లేదయ్యా. ఏదేమైనా మళ్ళీ చేసి చూడాలి" అంటూనే ఉన్నారు గాని ఆవిడ కళ్ళు మాత్రం ఆ మాట వినడం లేదు. ఇటు ఐదు, అటు ఐదు. లెక్క నా ఎదురుగానే నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఆవిడ తెప్పించిన బందరు లడ్డూ అందరితోపాటు నేనూ తిన్నాను. ఆ ఆదివారం పాసింజరు ఎక్కి పెడన వెళ్ళాను. చెప్పకూడదనే అనుకున్నాను. పెద్దమ్మ అప్పటికి బాగా చిక్కిపోయింది, నంబరు మళ్ళీ పెరిగింది, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. "మనిషెలుకలు ఎట్టా ఉన్నాయిరా?" అంది. నా నోరు ఆగలేదు. "ఐదుగురికి తగ్గింది పెద్దమ్మా" అన్నాను.

పెద్దమ్మ చేతిలో పోగులు పక్కన పెట్టింది. రెండు చేతుల్తో నా మొహం పట్టుకుని అలాగే చూసింది, ఆ వేళ్ళ బూడిద నా బుగ్గలకి అంటుకుంది. తర్వాత లేచి, మగ్గం కిందికి వంగి, బోను బయటికి లాగి, దాని స్ప్రింగు విప్పి అటక మీదికి విసిరేసింది. "ఏందే అది?" అన్నాడు పెద్దనాన్న బిత్తరపోయి. "వాటి ఉసురు పోసుకోవడం ఇంక నావల్ల కాదు. నా ప్రాణం నిలబెట్టే జీవాల్ని నేను చంపుతానా?" అంది. నేను బయల్దేరేటప్పుడు కాగితం పొట్లంలో అటుకులు కట్టిచ్చింది. ఆ ఐదింటికీ పెట్టమని. అవి బయటి తిండి తినకూడదు పెద్దమ్మా అంటే, "పథ్యమా? అయితే నువ్వు తిను" అంది. పాసింజరులో కూర్చుని ఆ అటుకులు నమిలాను.

తరువాతి ఆదివారం నేను వెళ్ళేసరికి ఇంట్లో రాద్ధాంతంగా ఉంది. బోను లేదని ఎలుకలకి ఎవరు చెప్పారో గాని, మగ్గం మీది కొత్త పడుగుని జానెడు మేర కొరికేశాయి. పెద్దనాన్న అరుగు మీద కూర్చుని, వచ్చే పోయేవాళ్ళందరికీ వినపడేలా నన్ను, నా ఉద్యోగాన్ని, నా మేడం గారిని కలిపి తిడుతున్నాడు. పెద్దమ్మ లోపల దిండుకి ఆనుకుని, తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతోంది. నేను పక్కన కూర్చుని కొసలు అందిస్తున్నాను. "నీ పెద్దనాన్న అరుపులు పట్టించుకోకు. గంజి ఉన్న పోగు కనపడితే అవి ఆగుతాయా, పాపం, వాటికదే అన్నం" అంది. అని, ఇంకో పోగు మెలిపెట్టి, మాటవరసకి అడిగినట్టు అడిగింది. "అవునూ, మొన్నామధ్య నా దగ్గర ఉండ చుట్టుకుపోయావే, ఎరుపూ నీలమూ, అవి ఎందుకు వాడావు?"

తోకలకి కట్టానని చెప్పాను. ఆమె చేయి ఆగింది. "గంజి పోగులు కట్టావా? ఎలుకలకా?" నేను తల వంచుకున్నాను. "కొరకలేదా?" గూడు సంగతి, టీవీ సంగతి, గంభీరమైన మొహాల సంగతి, అంతా చెప్పాను. ఆమె వింటూ ఇంకో మూడు పోగులు అతికింది. "అయితే ఆ తగ్గిన ఐదూ సాదావేనన్నమాట" అంది. "అయ్యుండొచ్చు పెద్దమ్మా." "అయ్యుండొచ్చు ఏందిరా. నీకు తెలుసు." నాకు ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, మగ్గం పక్కన కూర్చుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. ఇంకో పోగు కొస అందుకుని, "పాపం, మీ మేడం గారు ఎంత సంబరపడిపోయి ఉంటుందో. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్. ఎక్కడ తప్పిందో అక్కడిదాకా విప్పుకుంటుంది. ఇంకా ముందుకు నేసుకుంటూ పోతే విప్పడానికి కూడా ఉండదు" అంది. తనకి పోయినదాని గురించి ఒక్క మాట అనలేదు. నేను స్టేషనుకి బయల్దేరుతుంటే మాత్రం గుమ్మం దాకా వచ్చి, అరుగు మీదున్న పెద్దనాన్నతో మెల్లగా చెప్పింది. "అటక మీద బోను ఉంది, దించి పెట్టండి."

మేడం గారికి నిలబడే చెప్పాను. ఆవిడ అరిచి ఉంటే నాకు బాగుండేది, మేడ కూడా అదిరేది. అరవలేదు. "ఇన్నాళ్ళు దాచి ఇప్పుడెందుకు చెప్పావు?" అన్నారు. "మా పెద్దమ్మ చెప్పమందండీ." ముడి నేర్పిన పెద్దమ్మేనా అని అడిగారు. ఆమే అని చెప్పి, ఆమె జబ్బు సంగతి, నంబరు సంగతి కూడా చెప్పాను. ఇప్పుడు నంబరు ఎంత ఉందన్నారు. చెప్పాను. ఆవిడ చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు, సర్దినవే మళ్ళీ సర్దారు. ఆ తర్వాత నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు గాని, ఆరు నెలలు ఎలుకని ముట్టుకోనివ్వలేదు, పంజరాలు కడగడమే. చాచా ఒక్కసారే ఎత్తాడు ఆ మాట. "ఎలుక ముందు గంజి పెట్టి, తినొద్దు అంటే వింటదా బాబూ? నువ్వు నేతోళ్ళ పిల్లోడివేనా అసలు?" అన్నాడు. తోక ముక్కలు హైదరాబాదు వెళ్ళి, నెలకి జవాబు వచ్చింది. గడ్డలు రాని ఐదూ సాదావే.

అంతా మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. చెవి గుర్తుల పరికరం వచ్చింది, ఈసారి ప్రతి ఎలుకకీ చెవి మీద గుర్తు. ఆ పని నడుస్తుండగా ఒక ఆదివారం పెద్దమ్మ దిండు కింద నుంచి చిన్న పొట్లం తీసి ఇచ్చింది. ఎరుపు, నీలం పోగులు, ఒక్కొక్కటీ బెత్తెడు పొడుగున సమంగా కత్తిరించి ఉన్నాయి. "మూడు నీళ్ళు మార్చి ఉడకేసి ఉతికించాను, గంజి చుక్క లేదు. ఇంక ముట్టుకోవు చూడు" అంది. ఆ ఉడకేసింది ఎవరో కాదు, పెద్దమ్మేనని పెద్దనాన్న తర్వాత చెప్పాడు. పొయ్యి దగ్గర పీట మీద కూర్చోలేక గోడకి ఆనుకుని మరీ ఉడకేసిందట. చెవులకి గుర్తులు వచ్చేశాయి పెద్దమ్మా, పోగులతో పని లేదు అని ఎలా చెప్పను? పొట్లం జేబులో పెట్టుకున్నాను.

రెండోసారి ఫలితం వచ్చేటప్పటికి ఆమె మంచం దిగడం లేదు. మాట కూడా పక్కన చెవి పెడితేనే వినపడేది. నన్ను చూసి పెదవులు కదిపింది, వంగాను. "ఈసారి కొరికాయా?" అంది. పొట్లం అప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది. "లేదు పెద్దమ్మా, ఒక్కటి కూడా కొరకలేదు" అన్నాను. ఆమె మొహం వెలిగింది. "చెప్పలా? గంజే..." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మనిషెలుకలకి తగ్గిందా?" నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఏం చెప్పినా నమ్ముతుంది, నాకు తెలుసు. "లేదు. ఒక్కదానికి కూడా తగ్గలేదు పెద్దమ్మా." "పోగులు కలవలేదుగా?" "కలవలేదు." ఆమె కళ్ళు మూసుకుంది. "అయితే అదే నిజం. రాసుకోమను" అంది. నాలుగు రోజుల తర్వాత పోయింది.

పెద్దకర్మ అయ్యాక తిరిగి పనిలో చేరిన రోజు, ఎవరూ చూడకుండా ఆ పొట్లం విప్పి, మనిషెలుకల పంజరం లోపల తీగకి ఒక ఎర్ర పోగు నేతముడి వేసి కట్టాను. మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి చూశాను. అలాగే ఉంది. వారం చూశాను, అలాగే ఉంది. చాచా పొట్టు మారుస్తూ దాన్ని చూశాడు, నా వైపు చూశాడు, దాని చుట్టూ తుడిచి అలాగే ఉంచాడు.

ఇప్పుడు నేను ఇంకో చోట, అంతకంటే పెద్ద ఎలుకల గదికి అధికారిని. బట్టతల, బీపీ, సంతకం పెట్టే పెన్ను అన్నీ వచ్చాయి. మా ఆవిడ ఆదివారం కూర్చుని నా చొక్కాలన్నిటికీ గంజి పెట్టి ఇస్త్రీ చేస్తుంది. సోమవారం పొద్దున నేను బీరువాలో వెతికి వెతికి, గంజి లేని నలిగిన చొక్కా తీసి వేసుకుంటాను. "ఇంత ఆఫీసరయ్యుండి ఆ ముడతలేంటండీ, చూసేవాళ్ళు నన్నంటారు" అని ఇన్నేళ్ళుగా పోరుతూనే ఉంది. "ఎలుకలు కొరుకుతాయే" అంటాను. ఆమె నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. గంజి చొక్కాతో ఆ గదిలోకి వెళ్తే ఏమీ కాదని నాకూ తెలుసు. అయినా వెళ్ళలేను.